ఏంజెల్ గుడ్లు ప్రతిసారీ తెల్లబడుతున్నాయి: తప్పు నీళ్లదా, జతదా?

పర్లా_ఏంజెల్ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. రెండున్నర అడుగుల ట్యాంక్‌లో నా దగ్గర ఏంజెల్ చేపల జత ఉంది. షాపులో బ్రీడింగ్ పెయిర్ అని చెప్పి ఇచ్చారు, ధర కూడా ఆ లెక్కనే తీసుకున్నారు. గుడ్లు మాత్రం బ్రహ్మాండంగా పెడుతున్నాయి. పీవీసీ పైపు ముక్క ఒకటి నిలబెట్టాను, దాని మీద వరసలు వరసలుగా పెడతాయి. రెండూ కాపలా కాస్తాయి, రెక్కలతో విసురుతాయి, చేయి పెడితే పొడుస్తాయి. మర్నాటికి సగం తెల్లగా అవుతాయి. ఆ మర్నాటికి మొత్తం తెలుపే, దూది పట్టినట్టు. తర్వాత వాటిని అవే తినేస్తాయి.

నీళ్లు బోరువి, టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 480 చూపిస్తోంది. వేడి 27 డిగ్రీలు. స్పాంజ్ ఫిల్టర్ ఒకటే. అంతా నీళ్ల వల్లే, ఆర్వో మెషిన్ పెట్టించుకో అని షాపాయన అంటున్నాడు. కొనే ముందు ఇక్కడ అడుగుదామని.

గుణుపురం_మాస్టారు

ఆర్వోకి ఇప్పుడే డబ్బు పెట్టకండి బాబూ. ముందు రెండు విషయాలు చెప్పండి.

గుడ్లు పెట్టే రోజున ఆ రెండు చేపల పొట్ట కింద గుడ్లు, విత్తనం విడిచే నాళం గమనించారా? మామూలు రోజుల్లో ఏంజెల్స్‌లో ఆడా మగా తేల్చడం చాలా కష్టం. నుదురు ఎత్తుగా ఉంటే మగ అనే మాట నమ్మితే చాలాసార్లు దెబ్బతింటాం. గుడ్లు పెట్టబోయే ముందు మాత్రం నాళం బయటికి కనిపిస్తుంది. ఆడదానికి లావుగా, చివర మొద్దుగా ఉంటుంది. మగదానికి సన్నగా, మొనదేలి ఉంటుంది.

ఇంకోటి. రెండో రోజుకి ఒక్క గుడ్డయినా తేనె రంగులో, లోపల నల్లటి చుక్కతో నిలిచిందా? కొన్నయినా నిలిస్తే నీళ్ల గురించో బూజు గురించో మాట్లాడుకోవచ్చు. ఒక్కటీ నిలవకపోతే కథ వేరే.

రాయగడ_ట్యాంకులు

షాపాయన ఆర్వో కొనమనక ఇంకేం కొనమంటాడు. ఇప్పుడు మనకి దొరికే ఏంజెల్స్ అడవి చేపలు కావు. అమెజాన్ మెత్తటి నీళ్లు వాటి ముత్తాతలు చూసుంటాయేమో. ఇవి కోల్‌కతా వైపో, చెన్నై కొళత్తూరులోనో తొట్లలో పుట్టి పెరిగినవి. నా దగ్గర 400 దాటిన నీళ్లలో కూడా గుడ్లు చిట్లి పిల్లలు వచ్చాయి. అన్నీ కాదు, కానీ చాలానే. ప్రతిసారీ మొత్తం తెల్లబడటం ఒట్టి నీళ్ల పని కాదు.

బుడగగూడు (బరంపురం)

నీళ్లని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి అన్నా. టీడీఎస్ మీటర్ కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పదు. గట్టి నీళ్లు అనేది ఆ రెండింటి వల్ల. మాది గోపాలపూర్ వైపు, మా బోరులో అంకె పెరిగేది ఉప్పు వల్ల. పర్లాలో అదే అంకె సున్నం వల్ల రావచ్చు. సబ్బు నురగ సరిగ్గా రాకపోయినా, నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినా గట్టి నీళ్లే అనుకోండి.

దానికి ఆర్వో ఎందుకు? మన వైపు వానలకి కొదవా? మొదటి రెండు వానలు డాబా కడగడానికి వదిలేసి, తర్వాతి నీళ్లు డ్రమ్ములో పట్టి, గుడ్డతో వడకట్టి బోరు నీళ్లలో కలుపుకోండి. ఒకేసారి సగం మార్చేయొద్దు. నీళ్లు మార్చిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి.

పాతపట్నం_గప్పీ

ఇంత టెన్షన్ ఎందుకు బావా, మా లాగా గప్పీలు పెంచుకో. మనం ఏమీ చేయకపోయినా నెలకోసారి పిల్లల్ని పెడతాయి.

రాయగడ_ట్యాంకులు

నెలకోసారి పెడతాయి, పెట్టిన గంటలో తల్లే సగం తింటుంది. దాన్ని బ్రీడింగ్ అనరు తమ్ముడూ.

పాతపట్నం_గప్పీ

జావా నాచు గుబురుగా వేశానన్నా, చాలావరకు దాక్కుంటున్నాయి. సరే, మీరు ఎలాగూ వచ్చారు కాబట్టి ఒక డౌట్. ఎర్ర తోక మగ గప్పీ తెచ్చి వేశాను. పాత మగవాటిని అన్నిటినీ తీసేశాను. అయినా పిల్లలు పాత బూడిద రంగులోనే వస్తున్నాయి. షాపులో మందు పెట్టి రంగు వేసిన చేప ఇచ్చారంటావా?

బుడగగూడు (బరంపురం)

రంగు వేసింది కాదు తమ్ముడూ. గప్పీ ఆడది ఒకసారి మగదానితో కలిస్తే ఆ విత్తనం నెలల తరబడి ఒంట్లో నిలవ ఉంచుకుంటుంది. మగది లేకపోయినా ఒకటి తర్వాత ఒకటి ఈతలు వస్తూనే ఉంటాయి. కొత్త మగదాని రంగు ఖాయంగా కావాలంటే ఏ మగదానితోనూ కలవని ఆడపిల్లలు కావాలి. అంటే పిల్లల్ని నాలుగో వారానికే చూసి విడదీయాలి. ఆడదానికి పొట్ట చివర నల్లమచ్చ తేలుతుంది. మగదానికి పొట్ట కింది రెక్క సన్నబడి పొడుగవుతుంది. ఒక్క మగపిల్ల కంట పడకుండా ఉండిపోయిందా, మీ శ్రమంతా మళ్లీ మొదటికే.

గప్పీలకి మాత్రం మన బోరు నీళ్లు హాయి. పర్లా_ఏంజెల్ గారి 480 నీళ్లు వాటికి పండగే.

పర్లా_ఏంజెల్ (పర్లాకిమిడి)

మాస్టారూ, నిన్న సాయంత్రం మళ్లీ పెట్టాయి. ఈసారి టార్చి వేసుకుని పక్కనే కూర్చున్నాను. మీరు చెప్పిన నాళం రెండింటికీ మొద్దుగానే ఉంది! ఒకటి ఒక వరస పెట్టి పక్కకి జరుగుతుంది, రెండోది వచ్చి అదీ గుడ్లే పెడుతుంది. పైపు మీద ఖాళీ లేదు. మా ఆవిడ చూసి ఒకటే నవ్వు. ఈ ఉదయానికి తెల్లబడటం మొదలైంది.

గుణుపురం_మాస్టారు

అయితే తేలిపోయింది. రెండూ ఆడవే, మగ విత్తనం తగలకే గుడ్లు తెల్లబడుతున్నాయి. మగది దొరకనప్పుడు ఏంజెల్ ఆడవి రెండు జతకడతాయి. చోటు శుభ్రం చేసుకుంటాయి, గుడ్లు పెడతాయి, కాపలా కాస్తాయి, అన్నీ సక్రమంగానే చేస్తాయి. షాపులో గుడ్లు చూసి జత అనేసుకుని ఉంటారు. మోసం చేశారని నేననను. కానీ జత అని ఎక్కువ ధర తీసుకున్నప్పుడు గుడ్లు చిట్లాయో లేదో చెప్పి అమ్మడం ధర్మం.

ఇప్పుడు ఎక్కడినుంచో ఒక పెద్ద మగదాన్ని తెచ్చి ఆ ట్యాంక్‌లో వదలకండి. రెండూ కలిసి దాన్ని మూలకి నెట్టి తోక చింపేస్తాయి. మీకు ఓపిక ఉంటే చిన్న పిల్లల్ని ఆరింటిని తెచ్చి కలిపి పెంచండి. ఆరూ ఆడవో, ఆరూ మగవో అయ్యే అవకాశం 32లో ఒకటి మాత్రమే. ఒకే ఈతవి కాకుండా రెండు చోట్ల నుంచి మూడేసి తీసుకుంటే ఒకే రక్తం కలిసే అవకాశం కూడా తగ్గుతుంది. ఆరేడు నెలలు దాటాక వాటిలో ఏవో రెండు ఒక మూల ఆక్రమించి మిగతావాటిని తరమడం మొదలుపెడతాయి. అప్పుడు ఆ రెండింటినీ ఉంచి మిగతావి తీసేయాలి. మనం కుదిర్చిన సంబంధం కంటే వాటంతట అవి చూసుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుంది.

రాయగడ_ట్యాంకులు

ఏడు నెలలు ఎవరు ఆగుతారు మాస్టారూ. నా దగ్గర పిల్లలు తీసిన మగది ఉంది, దాని ఆడది వేసవిలో పోయింది. పర్లా వారు ఆ రెండింటిలో ఒకదాన్ని పట్టుకొస్తే నా ట్యాంక్‌లో మధ్యన గాజు పలక అడ్డం పెట్టి వారం పది రోజులు ఒకదాన్నొకటి చూసుకోనిస్తాను. గాజు దగ్గరికి వచ్చి రెక్కలు వణికిస్తుంటే పలక తీస్తాం. కొట్టుకుంటే మళ్లీ పెడతాం. కుదిరితే పిల్లల్లో సగం మీకు.

పర్లా_ఏంజెల్ (పర్లాకిమిడి)

రెండూ చేస్తానన్నా. ఒకటి మీ దగ్గరికి, ఇక్కడ ఆరు పిల్లలు. ఈలోగా ఒక విషయం చెప్పండి. గుడ్లు తల్లిదండ్రుల దగ్గరే ఉంచాలా, పైపు తీసి వేరే తొట్టిలో పెట్టాలా?

రాయగడ_ట్యాంకులు

తీసేయడమే. అదే ట్యాంక్ నీళ్లు పది లీటర్లు వేరే తొట్టిలో పోసి, పైపుని గాలి తగలకుండా గిన్నెలో నీళ్లతో సహా మార్చు. ఎయిర్ స్టోన్ గుడ్ల పక్కన పెట్టు, బుడగలు నేరుగా గుడ్ల మీద తగలకూడదు, నీళ్లు మాత్రం కదులుతూ ఉండాలి. బూజు పట్టకుండా మెథిలీన్ బ్లూ మందు, లేత నీలం వచ్చేదాకా చుక్కలు వెయ్. తెల్ల గుడ్లు డ్రాపర్‌తో లాగేయ్, లేకపోతే బూజు పక్క గుడ్డుకి పాకుతుంది. ఆ తొట్టిలో స్పాంజ్ ఫిల్టర్ పెట్టకు, ఆ మందు ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. అమ్మకానికి పెంచేవాడు ఇంకో దారి చూడడు.

గుణుపురం_మాస్టారు

అమ్మకానికి అయితే ఆయన చెప్పిందే సరి. నాకు మాత్రం తల్లీతండ్రీ పిల్లల్ని నోటితో పట్టుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం చూడటం ఇష్టం. మొదటి రెండు మూడు ఈతలు కొత్త జతలు తినేస్తాయి, నిజమే. ట్యాంక్ ముందు రాకపోకలు తగ్గించి, రాత్రి చిన్న బల్బు వెలగనిస్తే తినడం తగ్గుతుంది. తరం తరం గుడ్లు లాగేసి పెంచితే పిల్లల్ని సాకే గుణం ఉన్న జత ఏదో, లేనిది ఏదో మనకి తెలిసే వీలే ఉండదు.

రాయగడ_ట్యాంకులు

మాస్టారుకి పింఛను వస్తుంది కాబట్టి తినేసినా చూస్తూ కూర్చోగలరు.

గుణుపురం_మాస్టారు

ఆ మాట నిజం.

సరే, అసలు సంగతికి వస్తాను. ఇక్కడ అందరూ గుడ్ల గురించి అడుగుతారు, పిల్లల మేత గురించి అడిగేవాళ్లు తక్కువ. మన ఊళ్లలో ఏంజెల్ పిల్లలు పోయేది ఎక్కువగా ఈదడం మొదలైన మొదటి వారంలోనే, ఆకలితో. లెక్క చూడండి. 28 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర రోజులకి గుడ్లు చిట్లుతాయి. అప్పుడు పిల్లలకి ఈత రాదు. తల దగ్గరి జిగురుతో పైపుకి అతుక్కుని తోకలు ఆడిస్తూ ఉంటాయి. పొట్టలోని సొన తింటూ ఇంకో ఐదు రోజులు గడుపుతాయి. ఆ సొన అయిపోయేసరికి ఈత వస్తుంది. ఆ రోజే నోటికి పట్టేంత చిన్న, కదిలే మేత కావాలి. కదలనిదాన్ని మొదట్లో అవి మేతగా గుర్తించవు.

అది ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో పుట్టే రొయ్య లాంటి చిన్న జీవి. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్లకి 25 నుంచి 30 గ్రాముల రాళ్ల ఉప్పు, అర చెంచా గుడ్లు, అడుగు దాకా గాలి గొట్టం, పైన బల్బు. వెచ్చగా ఉంటే 24 నుంచి 36 గంటల్లో నారింజ రంగు పొడి కదులుతున్నట్టు కనిపిస్తుంది. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలుతాయి, ఆర్టీమియా పిల్లలు కిందికి, వెలుతురు వైపుకి చేరతాయి. సన్నటి గొట్టంతో కింది నుంచి లాగి, గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. పెంకులు తింటే చేప పిల్లల పేగు మూసుకుపోతుంది, అందుకే ఈ జాగ్రత్త. పుట్టిన కొద్ది గంటల్లోనే వాడేయండి, వాటి పొట్టలో ఉన్న సొనే మన పిల్లలకి బలం. మంచినీళ్లలో అవి కొన్ని గంటలకి మించి బతకవు, అందుకని కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదుసార్లు. పిల్లల పొట్ట నారింజ రంగుకి తిరిగితే తిన్నట్టు.

అంటే ఏమిటి? గుడ్లు చిట్లిన మూడో రోజునే మొదటి సీసా వేసి ఉండాలి. ఈదాక బజారుకి పరిగెడితే లాభం లేదు.

పర్లా_ఏంజెల్ (పర్లాకిమిడి)

ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన వేస్తే చాలని చాలామంది చెప్పారు మాస్టారూ?

బుడగగూడు (బరంపురం)

పచ్చసొన వేసి పిల్లల్ని దక్కించుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ తిన్నది గోరంత, కుళ్లేది మిగతా అంతా. కుళ్లితే అమ్మోనియా. మన బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉంటే ఆ అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ, వేసవిలో నీళ్లు వేడెక్కితే మరీనూ. రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చగలిగితేనే ఆ జోలికి వెళ్లండి.

నా ఫైటర్ చేపల పిల్లలకైతే మొదటి మూడు నాలుగు రోజులు ఆర్టీమియా కూడా పెద్దదే. ఎండుగడ్డి, క్యాబేజీ ఆకు నానబెట్టిన నీళ్లలో కంటికి కనిపించని జీవాలు పుడతాయి, అవే వాటికి తొలి మేత. ఫైటర్‌లో తండ్రే అన్నీ చూసుకుంటాడు. బుడగల గూడు కట్టి, జారిపడ్డ గుడ్డుని నోటితో పట్టి మళ్లీ గూట్లో పెడతాడు. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని తీసేయకపోతే చంపేస్తాడు, అది వేరే సంగతి. నీళ్లు జానెడు లోతు చాలు. మా వీధి బాదం చెట్టు ఎండుటాకు ఒకటి వేస్తాను, నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి, బూజు తక్కువ పడుతుంది. తొట్టి మీద మూత మాత్రం తీయకూడదు. మూడు నాలుగు వారాల వయసులో పిల్లలు పైకొచ్చి గాలి పీల్చడం నేర్చుకుంటాయి. అప్పుడు చల్లగాలి తగిలిందంటే వరసగా పోతాయి.

జయపురం_చలి (జయపురం)

చలి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మాది కొండ మీద ఊరు, డిసెంబర్‌లో రాత్రి ట్యాంక్ 18కి పడిపోతోంది. ఆర్టీమియా సీసా రెండు రోజులైనా చిట్లడం లేదు. ఏంజెల్స్ ఒంటి మీద తెల్ల చుక్కలు కూడా వచ్చాయి.

రాయగడ_ట్యాంకులు

లీటరుకి ఒక వాట్ లెక్కన హీటర్ పెట్టు. వంద లీటర్లకి వంద వాట్లు. ట్యాంక్ వెనకా పక్కలా థర్మోకోల్ అతికించు, కరెంటు ఆదా. ఆర్టీమియా సీసాని ఆ ట్యాంక్ నీళ్లలోనే సగం ముంచి కట్టు, దానికి వేరే హీటర్ అక్కర్లేదు. హీటర్ మీద ఉన్న అంకెని నమ్మకు, వేరే థర్మామీటర్ ఉంచు. లోపల స్విచ్ అతుక్కుపోతే చేపలు ఉడికిపోతాయి.

తెల్ల చుక్కలకి మందు వేస్తూ వేడి నెమ్మదిగా 30కి తీసుకెళ్లు, గాలి ఎక్కువ ఇవ్వు. చుక్కలు పోయిన రోజే మందు ఆపేయకు. ఆ పురుగు చేప చర్మం కింద ఉన్నప్పుడు మందు తగలదు, నీళ్లలోకి ఈదుతూ వచ్చిన దశలోనే చస్తుంది. ఇంకో వారం కొనసాగించాలి.

పాతపట్నం_గప్పీ

కరెంటు అంటే గుర్తొచ్చింది. తిత్లీ తుపాను అప్పుడు, 2018 అక్టోబర్‌లో, ఇటు మాకూ అటు పర్లాకీ రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో తాగడానికి నీళ్లకే కటకట, చేపల్ని ఎవరు చూస్తారు. గప్పీలు బతికాయి, మా బాబాయి గారి ఏంజెల్స్ అన్నీ పోయాయి. అలాంటప్పుడు ఏం చేయాలి?

గుణుపురం_మాస్టారు

మేత పూర్తిగా ఆపేయాలి. పెద్ద చేపలు వారం రోజులు తిండి లేకుండా ఉండగలవు. తిండి వేసి నీళ్లు పాడుచేస్తేనే పోతాయి. మగ్గుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి అందులోనే పోస్తూ ఉంటే కొంత గాలి కలుస్తుంది. ఫిల్టర్ చాలా గంటలు ఆగిపోతే కరెంటు రాగానే అలాగే ఆన్ చేయకండి. లోపల బ్యాక్టీరియా చచ్చి కుళ్లి ఉంటుంది. ట్యాంక్ నీళ్లలోనే పిండి కడిగి పెట్టాలి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ప్రతి అక్టోబర్‌లో ఏదో ఒక తుపాను పేరు వినే ప్రాంతం మనది.

పర్లా_ఏంజెల్ (పర్లాకిమిడి)

ఒకవేళ పిల్లలు దక్కి పెరిగితే అమ్ముకోవచ్చా? సబ్సిడీ ఉందంటున్నారు.

రాయగడ_ట్యాంకులు

ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కి ఇచ్చారు. యూనిట్ ఖర్చు అప్పట్లో 3 లక్షల లెక్క. అందులో జనరల్ వాళ్లకి 40 శాతం, మహిళలకీ ఎస్సీ ఎస్టీలకీ 60 శాతం సబ్సిడీ. ఇప్పుడు ఎంత ఇస్తున్నారో జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో అడగాలి. కాగితాలు ఒడియాలో రాయాల్సొస్తే పిల్లల చేత రాయించు. భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఉంది, రంగు చేపల మీద శిక్షణ కూడా ఇస్తారు. డబ్బు పెట్టే ముందు అక్కడికి వెళ్లి రా.

కానీ సబ్సిడీ చూసి దిగకు. కోల్‌కతా నుంచి రైల్లో బరంపురానికి వచ్చే సంచుల ధరతో నువ్వు పోటీ పడలేవు. నువ్వు గెలిచేది ఒక్కచోటే. ఆ చేపలు దారిలో నలిగి వస్తాయి, కొన్న వారంలో సగం పోతాయి. నీవి మన నీళ్లలో పుట్టినవి, మన నీళ్లకి అలవాటు పడినవి. ఆ మాట ఒక షాపుకి రుజువైతే మళ్లీ నిన్నే అడుగుతారు.

జయపురం_చలి (జయపురం)

నా దగ్గర సక్కర్ చేప అడుగున్నర అయిపోయింది. ఎవరూ తీసుకోవడం లేదు. కొలాబ్ నదిలో వదిలేయనా?

గుణుపురం_మాస్టారు

వద్దు బాబూ, దయచేసి. ఆంధ్రా వైపు కృష్ణా, గోదావరుల్లో జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేప అదే. ఇళ్లలో, షాపుల్లో అక్కర్లేదనుకున్నవే అక్కడికి చేరాయి. ఏదైనా పెద్ద ట్యాంక్ ఉన్న హోటల్‌నో, ఇంకో పెంపకందారునో అడగండి. గెడ్డలో, చెరువులో, నదిలో మాత్రం వదలొద్దు. గప్పీ అయినా అంతే.

రాయగడ_ట్యాంకులు

నా ఆరడుగుల ట్యాంక్‌కి పంపు. ఉచితంగా తీసుకుంటాను, బస్సు ఖర్చు నీదే.

పర్లా_ఏంజెల్ (పర్లాకిమిడి)

రాయగడ అన్నా, ఆదివారం నా ఏంజెల్‌ని తెస్తాను. దారిలో గుణుపురంలో మాస్టారి దగ్గర మూడు పిల్లల్ని మాట్లాడుకున్నాను, తిరుగుదారిలో తీసుకుంటాను. మిగతా మూడు బరంపురం అక్క చూసి పెడతానన్నారు. సంచి ఎలా కట్టాలి?

రాయగడ_ట్యాంకులు

ముందురోజు మేత పెట్టకు, సంచిలో నీళ్లు పాడవుతాయి. పెద్ద ఏంజెల్ ఒక్కదానికే ఒక సంచి. రెక్కలు మడత పడకుండా పొడుగాటి సంచి తీసుకో. మూడో వంతు నీళ్లు, మిగతా గాలి. సంచిలో సంచి వెయ్, రెండో దానికి కింది మూలలు రబ్బరుతో కట్టు, లేకపోతే మూలలో ఇరుక్కుంటుంది. థర్మోకోల్ డబ్బాలో పెట్టి మూత వెయ్, చీకట్లో కదలకుండా ఉంటుంది. ఉదయం పది గంటలలోపు వచ్చెయ్, తర్వాత ఎండ ముదురుతుంది.